ఆనేకల్ తాలూకాలోని ఇరుగుపొరుగు ఊళ్లలో సేవాబృందం నడపడం ఎలా: సమగ్ర మార్గదర్శి

బెంగళూరుకు ఆగ్నేయాన, హోసూరు రోడ్డుకు అటూ ఇటూ హెబ్బగోడి, బొమ్మసంద్ర, చందాపుర, జిగణి, ఆనేకల్, అత్తిబెలె, సర్జాపుర అనే ఊళ్లు ఒకదాన్నొకటి ఆనుకొని ఉన్నాయి. తరాలుగా ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం మాట్లాడే కుటుంబాలు, రాయలసీమ నుంచి ఫ్యాక్టరీ పనికి వచ్చి ఒంటిగది ఇళ్లలో అద్దెకున్న కుర్రాళ్లు, అపార్టుమెంట్లలో స్థిరపడిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు ఈ ఊళ్లన్నింటా కలగలిసి ఉంటారు. నలుగురికీ పనికొచ్చేది ఏదైనా చేయాలన్న కోరిక వీళ్లలో చాలామందికి ఉంది. అయితే ఆ కోరిక సాధారణంగా ఏడు ఊళ్లకూ కలిపి ఒకే పెద్ద సంఘం, దానికో అధ్యక్షుడు, ఒక శాలువా, ఒక గ్రూప్ ఫోటోగా మొదలై, ఉగాది నాటికి ఊపందుకుని దసరా నాటికి చల్లారిపోతుంది.

నేను చందాపుర వైపు ఉంటాను. ఇలాంటి ప్రయత్నాల్లో రెండింట విఫలమై, మూడోదాంట్లో నిలదొక్కుకున్న అనుభవంతో ఇది రాస్తున్నాను. నాకు అర్థమైనంతవరకు ఏ ఊరి పనిని ఆ ఊరే చేసుకోవాలి, ఆ ఊరి డబ్బును ఆ ఊరే లెక్క చూసుకోవాలి. ఊళ్ల మధ్య ఉమ్మడిగా ఉండవలసినవి మనుషుల జాబితా, పనిముట్లు, తేదీల పట్టిక మాత్రమే. ఈ పద్ధతి ఈ నేలకు కొత్తదేమీ కాదు. ఇక్కడికి దగ్గర్లోనే జరిగే హుస్కూరు మద్దూరమ్మ జాతరకు చుట్టుపక్కల ఊళ్ల నుంచి వంద అడుగులకు మించిన తేరులు వస్తాయి. ఏ ఊరి తేరును ఆ ఊరివాళ్లే కట్టుకుని లాక్కొస్తారు. జాతర మాత్రం అందరిదీ ఒక్కటే.

మొదటి మెట్టు: ముందు ఊరు తిరగండి

బృందానికి పేరు పెట్టకముందే రెండు ఆదివారాలు కేటాయించి, మీ ఊరిలో ఏ కార్యాలయం ఏ హద్దు వరకు చూస్తుందో కాగితం మీద గీసుకోండి. ఇది విసుగు పుట్టించే పనే అయినా, తర్వాత నెలల తరబడి తిరగకుండా కాపాడేది ఇదే. ఆనేకల్ తాలూకా బెంగళూరు నగర జిల్లాలోనే ఉన్నా, ఈ ఊళ్లు బెంగళూరు మహానగర పాలన కిందికి రావు. పెద్ద ఊళ్లకు వాటి వాటి పురసభ లేదా నగరసభ ఉంటుంది, వాటి మధ్యనున్న పల్లెలకు గ్రామ పంచాయతీలు ఉంటాయి. ఒకే రోడ్డుకు ఎడమవైపు చెత్త ఒక పురసభదీ, కుడివైపు చెత్త ఒక పంచాయతీదీ కావడం ఇక్కడ మామూలే. పారిశ్రామికవాడ హద్దులో పడిన రోడ్డు కథ మళ్లీ వేరు.

మీ కాగితం మీద చెరువు, ప్రభుత్వ పాఠశాల, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, శ్మశానం, పోలీసు ఠాణా, బస్సు ఆగే చోటు తప్పకుండా ఉండాలి. వీటిలో ప్రతిదాని దగ్గరా ఒక మనిషితో ముఖాముఖి మాట్లాడి, పేరూ ఫోన్ నంబరూ రాసుకోండి. ఆరోగ్య కేంద్రంలో వైద్యాధికారి కంటే ముందు ఆశా కార్యకర్తను కలవడం మంచిది. ఏ వీధిలో ఏ ఇంట ఎవరు మంచాన పడ్డారో ఆమెకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు.

రెండో మెట్టు: మొదటి ఏడుగురు

ఊరికి ఏడుగురు చాలు. అంతకంటే ఎక్కువమందితో మొదలుపెడితే పదిమంది చేతిలో పడ్డ పాము చావదన్నట్టు ప్రతి పనీ ఎవరో ఒకరు చేస్తారులే అన్న భరోసా మీద ఆగిపోతుంది. ఏడుగురిలో కనీసం ముగ్గురు ఆ ఊళ్లోనే పగలంతా ఉండేవాళ్లై ఉండాలి. దుకాణం నడిపేవారు, విశ్రాంత ఉద్యోగి, ఇంటి దగ్గర కుట్టుపని చేసే ఆవిడ, ఇలాంటివారు కావాలి. తక్కిన నలుగురూ ఉద్యోగాలకు వెళ్లేవారైనా ఇబ్బంది లేదు. అందరూ ఒకే అపార్టుమెంటువాళ్లు, ఒకే కులంవాళ్లు, ఒకే ఫ్యాక్టరీవాళ్లు అయితే మాత్రం అది ఊరి బృందం అనిపించుకోదు, ఊరు కూడా దాన్ని అలా చూడదు.

తెలుగువాళ్లం కలిసి మొదలుపెట్టడంలో తప్పు లేదు, భాష తొందరగా మనుషులను కలుపుతుంది. కానీ తెలుగువాళ్ల కోసమే అని గిరి గీసుకుంటే పని అక్కడితో ముగుస్తుంది. ఏడుగురిలో ఇద్దరైనా కన్నడం చదవడం, రాయడం వచ్చినవాళ్లు ఉండాలి, ఎందుకంటే పురసభకు ఇచ్చే అర్జీ కన్నడంలో ఉంటే చదివే తీరే వేరుగా ఉంటుంది. బ్యానరు మీద కూడా కన్నడమే పెద్దక్షరాల్లో ఉండాలి. నవంబరు 1న కన్నడ రాజ్యోత్సవంలో మీ బృందం ఒక మూల నిలబడి మజ్జిగ పంచినా చాలు, ఆరు నెలల పరిచయం ఒక్క పూటలో కలుగుతుంది. నేటి కర్ణాటక అయిన మైసూరు రాష్ట్రమూ ఆంధ్రప్రదేశూ 1956లో అదే రోజున ఏర్పడ్డాయి కనుక ఆ మజ్జిగలో మన పండుగ కూడా ఉన్నట్టే.

మూడో మెట్టు: ఊరికి ఒకే పని

మొదటి ఏడాది ఒక్కో ఊరూ ఒక్క పనినే ఎంచుకోవాలి. ఒక ఊరు చెరువును, మరొకటి బడిని, ఇంకొకటి రక్తదానాన్ని, నాలుగోది చావు కబురు వచ్చిన ఇంటికి తోడుగా నిలబడే పనిని తీసుకోవచ్చు. తనది కాని పని వచ్చినప్పుడు పక్క ఊరిని పిలవాలి. ఈ నాలుగింటి గురించీ విడివిడిగా చెబుతాను. వీటిలో చెరువు గురించీ, చావు గురించీ ఎక్కువ చెప్పవలసి ఉంది.

చెరువు పని

ముత్తానల్లూరు, బిదరగుప్పె, హెన్నాగర వంటి చెరువులున్న ఈ తాలూకాలో చెరువు పని అందరికీ ముందుగా తడుతుంది, అందరూ తప్పు చేసేదీ ఇక్కడే. మేమూ చేశాం. మొదటి ఏడాది వానలకు ముందు ఎంతో ఉత్సాహంగా ఒక చెరువు కట్ట పొడవునా అరవై మొక్కలు నాటాం. మూడో వారం నీళ్లు పోయడానికి వెళ్తే, తువ్వాలు తలకు చుట్టుకున్న ఒక పెద్దాయన కట్ట మీద కూర్చుని మా మొక్కల్లో ఒకదాన్ని వేళ్లతో సహా పెకలించి పక్కన పెడుతున్నారు. వాళ్ల తాతగారు ఆ చెరువుకు నీరుగంటి, అంటే తూము తీసి పొలాలకు వంతులవారీగా నీళ్లు వదిలే మనిషి. "కట్ట మీద చెట్టు పెడితే కట్టకు గుంత తవ్వినట్టే కదప్పా" అన్నారాయన. మట్టికట్టలోకి చొచ్చుకుపోయిన వేళ్లు, చెట్టు చచ్చాక కుళ్లిపోయి బొరియలుగా మిగులుతాయి, నీరు ఆ బొరియల వెంట దారి చేసుకుంటుంది, ఒక పెద్ద వానకు కట్ట అక్కడే తెగుతుంది. ఆ రోజు మేమే ఆయన పక్కన కూర్చుని తక్కిన మొక్కలనూ తీశాం.

కాబట్టి కట్ట మీద గడ్డి మాత్రమే ఉండనివ్వండి. కోత పడే వాలు మీద వట్టివేరు నాటవచ్చు. కానుగ, నేరేడు, మేడి వంటి చెట్లను నీరు వచ్చే వైపున, ముంపు గీతకు పైన నాటాలి. నాటేముందు ఆ నేల ఎవరి అధీనంలో ఉందో తెలుసుకుని రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. చేపల వేలం జరిగిన చెరువైతే గుత్తేదారుకు కూడా చెప్పండి. ఆయనకు చెప్పకుండా నీళ్లలో దిగితే వలలు తెగాయన్న తగాదా తప్పదు.

గుర్రపుడెక్క తీసే పని వేసవిలో, నీరు తగ్గి ఒడ్డు గట్టిపడినప్పుడు పెట్టుకోవాలి. ఇక్కడ సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో వాన ఎక్కువ, అప్పుడు దిగితే మనుషులకూ ప్రమాదం, పనీ సాగదు. ఉదయం ఆరున్నరకు మొదలుపెట్టి తొమ్మిదిన్నరకు ఆపేయండి. మోకాలి లోతు దాటి ఎవరినీ దిగనివ్వకండి, ఈత వచ్చినవారిని కూడా. పొడవైన వెదురు కర్రకు కట్టిన కొక్కెం, దంతె, తట్టలు, మందపాటి రబ్బరు తొడుగులు, గమ్‌బూట్లు కావాలి. గాజుపెంకులు, సూదులు తగులుతాయి కనుక ధనుర్వాతం టీకా వేయించుకున్నవాళ్లే ఒడ్డు దిగాలి. లాగిన తీగను నీటి అంచునే కుప్ప పోస్తే మొదటి వానకే మళ్లీ చెరువులోకి జారుతుంది. చిన్న ముక్క మిగిలినా అది మళ్లీ పాకుతుంది కనుక కుప్పను దూరంగా ఎండబెట్టాలి. ఫ్యాక్టరీ నీరు కలిసే చెరువులోని గుర్రపుడెక్క భారలోహాలను పీల్చుకుని ఉంటుంది. దాన్ని పశువులకు వేయకండి, ఆకుకూరల మడికి ఎరువుగా వాడకండి.

ఏ చెరువును ముట్టకూడదో కూడా తెలిసి ఉండాలి. చందాపుర చెరువు కాలుష్యం విషయంలో జాతీయ హరిత ట్రిబ్యునల్ 2022 అక్టోబరులో కర్ణాటక ప్రభుత్వానికి 500 కోట్ల రూపాయల పరిహారం విధించింది. అంత దాకా వెళ్లిన వ్యవహారాన్ని ఇరవైమంది ఆదివారం పూట తట్టలతో బాగుచేయలేరు. అలాంటి చోట చేయగలిగిన సేవ వేరే ఉంది. నీటి రంగు మారిన రోజు, నురగ వచ్చిన రోజు, చేపలు తేలిన రోజు తేదీ, సమయం, చోటు కనిపించేలా ఫోటో తీసి, ఒక పుస్తకంలో వరుసగా రాసి, నెలకోసారి రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి రాతపూర్వకంగా పంపి, చేరినట్టు రసీదు దాచాలి. ఫోటోలో ఎవరూ నవ్వుతూ నిలబడరు కాబట్టి ఈ పనికి మనుషులు దొరకడం కష్టం. అయినా దొరికిన ఇద్దరే చాలు.

బడి పని

ప్రభుత్వ పాఠశాలకు ముందు ప్రధానోపాధ్యాయుల వద్దకు, ఆ తర్వాత తల్లిదండ్రులు సభ్యులుగా ఉండే శాలాభివృద్ధి, మేలుస్తువారి (పర్యవేక్షణ) సమితి వద్దకు వెళ్లండి. ఏం కావాలో వాళ్లను చెప్పనివ్వండి. మనం సంచుల నిండా నోటుపుస్తకాలు మోసుకెళ్లేసరికి, వాళ్లకు అసలు కావలసింది మరుగుదొడ్డిలో నీళ్లు వచ్చే కొళాయి అయి ఉండవచ్చు. మూడో తరగతి వరకు కర్ణాటకలో నలి-కలి పద్ధతిలో పిల్లలు గుంపులుగా కూర్చుని ఆటపాటలతో నేర్చుకుంటారు, కనుక బెత్తం పట్టుకున్న మాస్టారిలా నల్లబల్ల ముందు నిలబడే ఉత్సాహాన్ని ఇంట్లోనే వదిలి వెళ్లాలి. వలసవచ్చిన ఇంటి పిల్లలకు, ముఖ్యంగా అనంతపురం, కర్నూలు వైపు నుంచి నడిసంవత్సరంలో వచ్చి చేరినవారికి, కన్నడ అక్షరాలు పట్టుబడేదాకా తెలుగులో అర్థం చెప్పే మనిషి పక్కన ఉంటే ఎంతో మేలు. అక్షరాలు రెండు భాషల్లోనూ దగ్గరగా ఉంటాయి కనుక ఈ సాయం తెలుగువారు తేలిగ్గా చేయగలరు.

ఒక్క నియమంలో మాత్రం సడలింపు ఉండకూడదు. పిల్లలతో ఏ స్వచ్ఛంద సేవకుడూ ఒంటరిగా ఉండకూడదు, ఎప్పుడూ ఇద్దరు పెద్దలు ఉండాలి, గది తలుపు తెరిచి ఉండాలి. తల్లిదండ్రుల అనుమతి లేకుండా పిల్లల ఫోటోలు తీయకూడదు. పిల్లలపై లైంగిక నేరాల నిరోధక చట్టం 2012 నుంచి అమల్లో ఉంది. అలాంటి నేరం తెలిసీ చెప్పకపోవడం కూడా ఆ చట్టం కింద నేరమే అన్న సంగతి మీ ఏడుగురికీ మొదటి రోజే చెప్పండి.

రక్తదానం

శిబిరాన్ని లైసెన్సు ఉన్న రక్తనిధితోనే పెట్టాలి, మీ బాధ్యత చోటు, నీడ, నీళ్లు, మనుషుల జాబితా వరకే. దాత వయసు 18 నుంచి 65 ఏళ్ల మధ్య, బరువు కనీసం 45 కిలోలు, హిమోగ్లోబిన్ కనీసం 12.5 ఉండాలి. ఒకసారి ఇచ్చాక పురుషులు 90 రోజులు, స్త్రీలు 120 రోజులు ఆగాలి. ఏడాదికి ఒక భారీ శిబిరం కంటే, ఏడు ఊళ్లలో వంతులవారీగా రెండు నెలలకు ఒక చిన్న శిబిరం మేలు. ఎప్పుడు అడిగినా ఇవ్వగల మనుషులు ఏదో ఒక ఊళ్లో ఉంటారు.

చావు ఇంట తోడు

ఈ పనికి ఎవరూ బ్యానరు కట్టరు, కానీ వలసవచ్చినవారికి ఇంతకంటే అక్కరకొచ్చేది లేదు. అద్దె గదిలో ఉంటున్న కుర్రాడి తండ్రి రాత్రి రెండు గంటలకు పోతే, ఆ కుర్రాడికి అంబులెన్సు ఎవరిని అడగాలో తెలియదు, ఇంటి యజమాని తెల్లారేలోగా తీసుకెళ్లమంటాడు, సొంతూరు మూడు వందల కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. అలాంటప్పుడు వెళ్లే ఇద్దరు మనుషులు ఏం చేయాలో ముందే తెలిసి ఉండాలి.

మొదట మరణం ఎలా జరిగిందో తెలుసుకోండి. రోడ్డు ప్రమాదం, ఫ్యాక్టరీలో ప్రమాదం, ఆత్మహత్య, లేదా ఏ కొంచెం అనుమానమున్నా దేహాన్ని కదపకుండా 112కు ఫోన్ చేయాలి. పంచనామా, పోస్టుమార్టం అయ్యాకే ప్రయాణం. జబ్బుతో ఇంట్లో పోతే, చూస్తున్న వైద్యుడి దగ్గర మరణ కారణం రాసిన ధ్రువపత్రం తీసుకోండి. అది లేకుండా రాష్ట్రం దాటించబోతే దారిలో ఆపి ప్రశ్నించే అవకాశం ఉంటుంది. బండి కిరాయిని రానుపోనూ కిలోమీటర్లు, టోల్, డ్రైవరు బత్తా అన్నీ కలిపి ముందే మాట్లాడి కాగితం మీద రాయించండి. దుఃఖంలో ఉన్నవాళ్లు బేరం ఆడలేరు. ఆ పని వాళ్ల తరఫున మీరు చేయాలి.

తర్వాత చాలామంది పొరబడే విషయం ఒకటుంది. అంత్యక్రియలు సొంతూళ్లో జరిగినా, మరణాన్ని నమోదు చేయించవలసింది మరణం జరిగిన చోటే. అత్తిబెలెలో పోయిన మనిషి మరణం అత్తిబెలెలోనే నమోదవుతుంది, కదిరిలో కాదు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం 21 రోజుల్లో తెలపాలి, ఆ గడువు దాటితే ఆలస్య రుసుమూ, ఇంకా ఆలస్యమైతే పై అధికారి అనుమతీ కావాలి. ఆసుపత్రిలో పోతే ఆసుపత్రే తెలుపుతుంది. ఇంట్లో పోతే ఇంటివాళ్లే తెలపాలి, అయితే వాళ్లు పదకొండో రోజు వరకు ఊళ్లోనే ఉండిపోతారు. అందుకే బండి కదిలేముందే ఆధార్ నకలు, వైద్యుడి ధ్రువపత్రం నకలు మీ దగ్గర ఉంచుకుని, పన్నెండో రోజున ఫోన్ చేసి గుర్తుచేయడం మీ పనిగా పెట్టుకోండి.

పోయిన వ్యక్తి కార్మికుడైతే ఇ.ఎస్.ఐ. కార్డు, పి.ఎఫ్. నంబరు అడగండి. ఇ.ఎస్.ఐ. కింద అంత్యక్రియల ఖర్చుకు 15,000 రూపాయల వరకు వస్తుంది. పి.ఎఫ్. ఖాతాకు అనుబంధమైన బీమా కింద కుటుంబానికి గరిష్ఠంగా 7 లక్షల రూపాయల వరకు రావచ్చు. ఈ సంగతి తెలియక వదిలేసుకున్న కుటుంబాలను నేను చూశాను.

డబ్బు సంగతి

మొదటి ఏడాది డబ్బు వీలైనంత తక్కువ తాకండి. టిఫిను పొట్లాలు కావాలంటే హోటలువాడికి దాతనే నేరుగా కట్టమనండి, పారలు కావాలంటే పారలే ఇవ్వమనండి. తప్పనిసరై వసూలు చేస్తే రసీదు పుస్తకం, జమాఖర్చు పుస్తకం ఇద్దరి దగ్గర విడివిడిగా ఉండాలి, పని జరిగిన సాయంత్రమే బిల్లుల ఫోటోలతో లెక్క అందరికీ పంపాలి. ఒకరి సొంత ఫోన్ నంబరుకు యూపీఐ ద్వారా చందాలు వేయించడం సులువే, కానీ ఆ సులువే తర్వాత అనుమానాలకు మూలం. మేము రెండోసారి విడిపోయింది 1,840 రూపాయల మీద, ఆ డబ్బు నిజానికి ఎవరూ తినలేదు, లెక్క రాయడం మాత్రమే మరిచారు.

అమెరికాలో ఉన్న మేనమామ వంద డాలర్లు పంపుతానంటే ఆగి ఆలోచించండి. విదేశీ పౌరసత్వం తీసుకున్నవారు ఇచ్చేది, వారు మన రక్తసంబంధీకులే అయినా, విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, 2010 కింద విదేశీ విరాళమే, దానికి నమోదు లేదా ముందస్తు అనుమతి ఉండాలి. ఇంకా భారత పౌరుడిగానే ఉన్న ప్రవాసి తన సొంత డబ్బును బ్యాంకు ద్వారా పంపితే ఈ అడ్డు లేదు.

ఊళ్ల మధ్య ఇచ్చిపుచ్చుకోవడం

రెండు నెలలకోసారి ఒక్కో ఊరి నుంచి ఇద్దరు చొప్పున కలవండి, ఒక్కోసారి ఒక్కో ఊళ్లో. 2025 ఆగస్టులో నమ్మ మెట్రో పసుపు మార్గం బొమ్మసంద్ర దాకా వచ్చాక, నగరంలో ఉండే మిత్రులు కూడా ఈ సమావేశాలకు రాగలుగుతున్నారు. అక్కడ ప్రసంగాలు వద్దు. గమ్‌బూట్లు, దంతెలు, టార్పాలిన్లు ఎవరి దగ్గర ఉన్నాయి, వచ్చే రెండు నెలల్లో ఏ ఊరికి ఏ ఆదివారం ఎంతమంది కావాలి అన్న రెండే ప్రశ్నలకు జవాబులు రాసుకుని లేవాలి. ఒక ఊరి చెరువు పనికి పక్క ఊళ్లవాళ్లు వచ్చినప్పుడు అతిథులు కూలీల్లా వింటారు, ఆ ఊరి మనిషే పెత్తనం చేస్తాడు. ఆ వేళ ఎవరి హోదా ఎంత పెద్దదైనా ఈ నియమం మారదు. జాతర, కరగ ఉత్సవం, వినాయక చవితి నిమజ్జనం, ఎస్సెస్సెల్సీ పరీక్షల తేదీలను ముందే గుర్తుపెట్టి, ఆ వారాల్లో పనులు పెట్టకండి.

వాట్సాప్ గ్రూపులు రెండు ఉంచండి. పని గ్రూపులో చోటు, సమయం, మనుషుల సంఖ్య తప్ప మరేదీ రాకూడదు. శుభోదయాలకూ రాజకీయాలకూ రెండోది ఉంది, దాంట్లో ఏం జరుగుతుందో నేను ఏడాదిగా చూడలేదు.

నమోదు ఎప్పుడు

రెండో ఏడాది చివర, అన్ని పనులూ కొనసాగుతుంటేనే నమోదు గురించి ఆలోచించండి. కర్ణాటక సంఘాల నమోదు చట్టం, 1960 కింద ఏడుగురు సభ్యులతో సంఘాన్ని నమోదు చేయవచ్చు, ఆ తర్వాత ఏటా సర్వసభ్య సమావేశం జరిపి లెక్కలు దాఖలు చేయాలి. నమోదైతే సంఘం పేరిట బ్యాంకు ఖాతా, ఇద్దరి సంతకాలతో చెక్కులు సాధ్యమవుతాయి. ఊరికొక సంఘమే నమోదు చేయండి, ఏడింటికీ కలిపి ఒకటి వద్దు. ఒక ఊరి తగాదా తక్కిన ఆరు ఊళ్ల ఖాతాను స్తంభింపజేయకూడదు.

బాధ్యుడు మారే రోజున కొత్తవారికి నాలుగు వస్తువులు చేతికి ఇవ్వాలి: మొదటి మెట్టులో గీసిన పటం తాజా ప్రతి, ఫోన్ నంబర్ల పుస్తకం, జమాఖర్చు పుస్తకం, పనిముట్లున్న గది తాళంచెవి. నాలుగూ అందినట్టు పుస్తకం చివరి పేజీలో ఇద్దరూ సంతకం పెట్టి తేదీ వేయాలి.